అరవై మూడో పేజీ కోసం పులికాట్ దాకా

తిరుపతి దాకా వెళ్ళి కొండ ఎక్కకుండా తిరిగొచ్చానంటే మా కాకినాడలో ఎవరూ నమ్మడం లేదు. లడ్డూ కోసం చెయ్యి చాపిన ప్రతివారికీ ఒకటే చెబుతున్నాను: నేను దర్శనానికి వెళ్ళలేదు, గొడవకి వెళ్ళాను. మూడు రోజులు తిరిగాను. వచ్చి నెల దాటినా కోపం తగ్గలేదు. తగ్గేలోపే రాసెయ్యాలని కూర్చున్నాను.

నా పని పుస్తకాలు దిద్దడం. రచయితలు రాసినదాన్ని ప్రచురణకర్తలు నాకు పంపుతారు. అచ్చుతప్పులు తీసి, వాక్యాలు సరిచేసి, కథ ఎక్కడ కుంటుతోందో పక్కన ఎర్ర అక్షరాలతో రాసి వెనక్కి పంపుతాను. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో కూర్చునే చేస్తున్నాను. కొన్ని పుస్తకాల్లో రెండో పేజీ అడుగున నా పేరు, ఫోన్ నంబరు చిన్న అక్షరాల్లో వేస్తారు. ఆ నంబరుకి ఇన్నేళ్ళలో ఒక్క పాఠకుడూ ఫోన్ చేయలేదు. మొన్న చలికాలం చివర్లో మొదటిసారి ఒకామె చేసింది.

"పుస్తకం దిద్దినామె నువ్వేనా మా?"

అవునన్నాను. తన పేరు చెంగమ్మ అనీ, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరనీ చెప్పింది. నేను అంతకు ముందు ఏడాది దిద్దిన నవల ఒకటి ఉంది. పులికాట్ మీద బతికే ఒక జాలరి ఆడమనిషి కథ. రాసింది చిత్తూరులో ఉండే ఒక రిటైర్డు లెక్చరరు.

"ఆయన రెండు నెలలు మా పంచలో కూసోని నా మాటలన్నీ ఫోన్లో ఎక్కించుకున్నాడు. ఏందో పరిశోధన అన్నాడు. పుస్తకంలో ఉండేదంతా నేను చెప్పిందే. పోనీ, అది వదిలెయ్. అరవై మూడో పేజీలో మా ఆయన తాగేసి పడవెక్కి మునిగిపోయినాడని రాసుండాది. ఆయన జన్మలో తాగింది లేదు. మా కోడలు ఊరందరి ముందరా సదివేసినాది. ఇప్పుడు నేనేం జెప్పాల?"

ఆ నవలకి రెండు సన్మానాలు జరిగాయి. "కల్పనా శక్తికి పరాకాష్ఠ" అని వెనక అట్ట మీద ఎవరో రాశారు. అందులో పాత్ర పేరు చెంగమ్మ కాదు గానీ, ఆమె భర్త పేరు శీనయ్య. ఫోన్లో చెంగమ్మ చెప్పిన భర్త పేరూ శీనయ్యే.

రెండు రోజుల తర్వాత తిరుపతి రైలెక్కాను.

తిరుపతి

పొద్దున్నే రైలు దిగి స్టేషన్ ఎదురుగా ఎర్రకారం పూసిన దోశ తిన్నాను. నలభై ఐదు రూపాయలు. మా వైపు దోశలో ఉప్మా పెట్టి మెత్తగా ఇస్తారు, ఇక్కడ కారం పెట్టి కళ్ళల్లో నీళ్ళు తెప్పిస్తారు. ఆ రోజు నా మనసుకు అదే సరిపోయింది.

ప్రచురణకర్త మునిరత్నం గారి అంగడి బస్టాండు వెనక సందులో ఉంది. ముందు వరసంతా పోటీ పరీక్షల గైడ్లు, లోపల స్తోత్రాలు, వ్రతకథలు. కథలూ నవలలూ ఎక్కడని అడిగితే పైకి చూపించారు. పైకప్పుకి జానెడు కింద ఒక అర, దాని మీద దుమ్ము. అందుకోవాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన లేదు.

"సాహిత్యం ఎవరు కొంటారు మేడం? రాసేవాళ్ళే కొనుక్కోవాల" అన్నారు ఆయన, నాకు టీ తెప్పిస్తూ. మనిషి మర్యాదస్తుడే. బల్ల మీద అట్టముక్కకి అంటించిన కాగితం ఉంది. మూడు రకాల ప్యాకేజీలు. మొదటి దానికి పుస్తకం మాత్రమే. రెండో దానికి పుస్తకమూ ఆవిష్కరణ సభా. మూడో దానికి సభతో పాటు మూడు సమీక్షలు కూడా. సమీక్షలు ముందే రేటు కట్టి పెట్టడం నేను మొదటిసారి చూశాను. ఈ నవల మూడో రకమట. అంటే నేను పత్రికలో చదివి సంతోషించిన సమీక్ష ప్యాకేజీలో వచ్చిందన్నమాట!

చెంగమ్మ సంగతి చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది.

"కేసు ఏమన్నా పెడతాదా?"

"ఆమె కేసు మాట ఎత్తలేదండి. ఆ పేజీ తప్పు అంటోంది."

"ఇప్పుడు యాస పుస్తకాలకి గిరాకీ ఉండాది మేడం. సీమ యాస, సముద్రం యాస, కొండ యాస. అందుకే ఏసినాను. ఎవరి యాసో, ఎవరు చెప్పినారో నేను యాడ అడగను? ఎవరు కట్టినారో వాళ్ళదే పుస్తకం."

ఆ చివరి వాక్యం ఆయన ఏ తప్పూ లేనట్టు, లెక్చరులా కాకుండా, మామూలుగా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాఠకులు లేరు, పాఠకులు చచ్చిపోయారు అని ప్రతి సభలోనూ ఏడుస్తాం. పాఠకుడితో పనే లేకుండా పుస్తకాలు వేసే పద్ధతి ఒకటి కనిపెట్టుకుని, మళ్ళీ పాఠకుడి మీద నింద!

పేజీ మార్చమన్నాను. ఇప్పుడు ఎవరూ వెయ్యి కాపీలు ఒకేసారి వెయ్యరు, అడిగినప్పుడు యాభై కాపీలు వేస్తారు, ఫైలు మారిస్తే మళ్ళీ వేసేది మారిపోతుంది.

"ఫైలే గదా, రేపు పొద్దున్నే మార్చేస్తా. కానీ రచయిత ఒప్పుకోవాల. ఆయన్ని ఒప్పించుకుని రండి" అన్నారు. ఒప్పించడం నా పని అయింది.

తిరుచానూరు

తిరుపతిలో గదులు దొరక్క తిరుచానూరులో ఒక లాడ్జిలో దిగాను. మధ్యాహ్నం అమ్మవారి గుడి దారిలో నడుస్తుంటే పూలమ్మే ఆమె ఒకరు చెవిలో ఫోన్ తీగ పెట్టుకుని మల్లెలు కడుతున్నారు. మూర ముప్పై. మూర అంటే మోచేతి నుంచి వేలి చివరి దాకా. ఆమె మూర మోచేతి నుంచి కాక మోచేతికి నాలుగు వేళ్ళ ముందు నుంచే మొదలైంది.

పాటలా అని అడిగాను.

"పాటలు గాదు మా, నవల. ఒగామె సదివి పెడతాది ఫోన్లో. పొద్దన్నుంచీ నాలుగు భాగాలు ఇన్నాను. ఈ మొగుడు యాడికి పోయినాడో ఇంకా చెప్పలే."

ఒక తీగ నా చెవికి ఇచ్చారు. ఎవరో అమ్మాయి చక్కగా చదువుతోంది. మధ్యలో బేరానికి వచ్చినవాళ్ళని "ఒగ నిమిషం ఉండండి" అని ఆపి మరీ విన్నారు ఆమె. చదవడం రాదట. పుస్తకాలు చచ్చిపోయాయని వేదికలెక్కి చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఈ బుట్ట పక్కన కూర్చుని చూడాలి. ఆ రోజు నాకు కోపం లేకుండా గడిచిన పావుగంట అదే.

చిత్తూరు

మర్నాడు పొద్దున చిత్తూరు బస్సులో ఆ నవల మళ్ళీ చదువుతున్నాను. ఘాట్ మలుపు లాంటిది కూడా కాదు, ఒక చిన్న గతుకు. పుస్తకం నడుమ ఫట్టుమని విరిగి, పేజీలు ఊడి కిటికీ వైపు లేచాయి. నేనూ పక్క సీటు ముసలాయనా కలిసి పట్టుకున్నాం. రెండు పేజీలు మాత్రం కాణిపాకం దాటాక ఏదో మామిడితోటలోకి ఎగిరిపోయాయి. అరవై మూడు మిగిలింది.

బస్టాండు దగ్గర బైండింగ్ చేసే సాయిబు ఒకరు కనిపిస్తే ఇచ్చాను. ఆయన వీపు వైపు వేలితో గీకి, ఎండిన గమ్ము పెళ్ళలు రాల్చి చూపించారు.

"ఇదేం పుస్తకం మా? కుట్టు లేదు. ఊరకే అంటించినారు. సన్మానానికి ఇచ్చే పుస్తకం గదా, ఎవరూ తెరవరని తెలుసు వాళ్ళకి."

ఇరవై నిమిషాల్లో దారంతో కుట్టి ఇచ్చి అరవై రూపాయలు తీసుకున్నారు. నూట యాభై రూపాయల పుస్తకం అప్పుడు పుస్తకమైంది.

లెక్చరరు దామోదరం గారిల్లు చల్లగా, శుభ్రంగా ఉంది. షోకేసు నిండా జ్ఞాపికలు. ఆయన శ్రీమతి ఊరిబిండితో రాగిసంగటి పెట్టి, తినేదాకా కదలనివ్వలేదు. శనగకాయలు వేయించి నూరిన ఆ పచ్చడి ఎంత రుచిగా ఉందంటే, ఇలాంటి ఇంట్లో గొడవ ఎలా పెట్టుకోవాలా అని భయం వేసింది. పెట్టుకున్నాను.

"ఆమె చెప్పింది బతుకండీ. దాన్ని సాహిత్యం చేసింది నేను" అన్నారు దామోదరం గారు.

"చాలా పేజీల్లో ఆమె వాక్యాలే ఉన్నాయటగా."

"వాక్యాలు ఎవరివైనా కావచ్చు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ మొదలుపెట్టాలో చూసింది ఎవరు? అట్ల చెప్పేవాళ్ళు ఆ ఒడ్డున ఇంటికొకరు ఉండారు. రాసేవాడు ఏడీ?"

"అయితే శీనయ్య పేరు ఎందుకు మార్చలేదండి? భార్య పేరు మార్చారు గదా?"

ఆయన నవ్వారు. "ఆ పేరులో మట్టివాసన ఉంది మేడం."

ఉప్పునీళ్ళలో బతికి ఉప్పునీళ్ళలో పోయిన మనిషి. మట్టివాసనట! ఇరవై ఏళ్ళుగా ముందుమాటల్లో ఆ మాట చదివి చదివి ఓర్చుకున్నాను. ఆ రోజు ఓర్చుకోలేకపోయాను. గొంతు పెరిగింది. ఆడమనిషి రెండు నెలలు కూర్చోబెట్టి అన్నం పెట్టి చెప్పుకున్న బతుకుని పరిశోధన అని అబద్ధమాడి ఎత్తుకొచ్చారు, పోయిన మనిషిని తాగుబోతుని చేశారు, ఆ పేజీ మార్చమంటే కల్పన అంటారా అని అడిగాను. ఇంకా చాలా అన్నాను. ఆయన శ్రీమతి వంటింటి గుమ్మంలో నిలబడిపోయారు.

ఆయన లోపలికెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు. నేను దిద్ది పంపిన ప్రతి. పక్కన నా ఎర్ర అక్షరాలు.

"మీ రాతే. సదవండి."

చదివాను. "శీనయ్య అంత గాలిలో పడవ తీశాడంటే పాఠకుడు నమ్మడు. బలమైన కారణం కావాలి. మనిషిలో ఏదైనా బలహీనత ఉంటే పాత్ర నిలబడుతుంది. తాగుడు?"

ప్రశ్నార్థకం కూడా నేనే పెట్టాను.

నాకు గుర్తే లేదు. రోజుకి ఇలాంటివి పది రాస్తాను. అది రాసిన పూట కాఫీ తాగుతూ ఉండి ఉంటాను, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండి ఉంటాను. ఒక మనిషికి తాగుడు అంటగట్టి, తర్వాతి పేజీకి వెళ్ళిపోయి ఉంటాను.

"నేను మొదట రాసిన దాంట్లో తాగుడు లేదు. మీరు అడిగినారు, పెట్టినాను. బాగా వచ్చిందని మళ్ళీ మెచ్చుకున్నారు కూడా" అన్నారు దామోదరం గారు. ఆయన గొంతులో గెలుపు ఉంది. అది ఉండటంలో తప్పు లేదు.

ఆ ఇంట్లోంచి ఎలా బయటికొచ్చానో తెలియదు. గొడుగు అక్కడే మర్చిపోయాను. చిత్తూరు ఎండలో నడుస్తుంటే కోపం పోయి సిగ్గు రావాలి. నాకు సిగ్గూ వచ్చింది, కోపమూ రెట్టింపైంది. అడిగింది నేనే. కానీ ఆమె బతుకు ఎత్తుకొచ్చి తన పేరు పెట్టుకున్న మనిషి, నా తప్పు వెనక దాక్కుంటానంటే కుదరదు. బస్టాండులోంచే మునిరత్నం గారికి ఫోన్ చేశాను. తప్పు నాదీ ఉందని చెప్పాను. ఈ ప్రయాణం గురించి రాయబోతున్నాననీ, పేజీ మారకపోతే, లోపల చెంగమ్మ పేరు రాకపోతే, ప్యాకేజీల కాగితం సంగతి మీ ఇద్దరి అసలు పేర్లతోనే రాస్తాననీ, రెండూ జరిగితే పేర్లు మారుస్తాననీ చెప్పాను.

"ఆయనతో నేను మాట్లాడతా, మీరు తొందరపడొద్దు మేడం" అన్నారు.

సూళ్లూరుపేట

మూడో రోజు శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా బస్సులో సూళ్లూరుపేట వచ్చాను. బస్టాండులో చెంగమ్మ కోడలు లత ఎదురొచ్చింది. పాతికేళ్ళుంటాయి. దగ్గరలో ఉన్న ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగి, యూనిఫాం పైన చున్నీ వేసుకుని వచ్చింది. నా చేతిలోని పుస్తకం చూసి ముఖం తిప్పుకుంది.

షేర్ ఆటోలో చెప్పింది: "అత్త గురించి పుస్తకం వచ్చినాదని తెలిసి సెన్నైలో పనిచేసే మా ఊరామెతో తెప్పించినాను. అందర్నీ పిలిచి కూసోబెట్టి నేనే సదివినాను మేడం. అందరూ నవ్వతా ఉండారు, ఇది నేనే, అది మా అమ్మే అని. ఆ పేజీ రాంగానే ఆపేసుంటే బాగుండు. నోరు అట్నే సదవతా పోయినాది."

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఎవురూ ఏమీ అనలే. అదే కష్టంగా ఉండాది. అచ్చులో ఉంటే నిజమే అయ్యుంటాదిలే అనుకున్నారు. మా ఆయన కూడా నన్ను అడిగినాడు, మా నాయన తాగేవాడా అని. నాయన పోయేటప్పుడు ఈయనకి మూడేళ్ళు."

నేను ఎన్నో సభల్లో విన్నాను, అచ్చయిన మాటకి జనంలో విలువ లేదని. ఆ ఊళ్ళో విలువ ఉంది. ఆ విలువతోనే మేము వాళ్ళని కొట్టాం.

నీళ్ళ ఒడ్డు

ఊరు నలభై ఇళ్ళు. దూరాన నీళ్ళలో గులాబీ రంగు చారలా పక్షులు. వాటిని చూడ్డానికి కార్లలో వచ్చేవాళ్ళు ఊళ్ళోకి రారట, రోడ్డు మీదే ఫోటోలు తీసుకుని పోతారట.

చెంగమ్మకి అరవై ఉంటాయి. పంచలో రొయ్యల తలలు గిల్లుతోంది. నన్ను చూసి లేవలేదు, "కూసో మా" అంది. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. ఆ తాగుడు మాట నాదేనని.

ఆమె చేతులు ఆగాయి.

"నువ్వు పెట్టినావా?"

"నేనే."

"ఎందుకు?"

"అంత గాలిలో ఎందుకు వెళ్ళాడో కారణం కావాలనుకున్నాను."

"పడవెక్కి పోయేటప్పుడు గాలి లేదు మా" అంది చెంగమ్మ. "ఆకు కదల్లేదు. ఆయన పోయినాక వచ్చినాది గాలి. నేను ఆ సారుకి అట్నే చెప్పినాను. కారణం ఏముంటాది? పోయినాడు, గాలి వచ్చినాది."

రాసినాయన గాలిని ముందుకు తెచ్చాడు. నేను గాలికి కారణం అడిగాను. ఇద్దరం కలిసి మనిషిని ముంచాం.

ఆమె నన్ను తిట్టలేదు. మళ్ళీ రొయ్యలు అందుకుని, నన్ను చూడకుండా అంది: "నాకు చెప్తే ఏం లాభం? నాకు తెలుసు గదా. ఆ పేజీ ఇన్నోళ్ళకి చెప్పు. సాయంత్రం పడవలు వస్తాయి, అప్పుడు."

తర్వాత అన్నం పెట్టింది. రొయ్యల కూర, మునక్కాయ వేసి. మా గోదారి వైపు చింతపండు ఇంత పోయరు. రెండోసారి వడ్డిస్తుంటే నేను వద్దనలేకపోయాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది రాస్తున్న నాటికి నవల కొత్త ప్రతులు వచ్చాయి. అరవై మూడో పేజీలో తాగుడు లేదు, ఆయన పడవ తీసేటప్పుడు గాలీ లేదు. లోపల మొదటి పేజీలో "పులికాట్ చెంగమ్మ చెప్పిన బతుకు" అని ఒక వరస ఉంది. అట్ట మీద మాత్రం ఇప్పటికీ దామోదరం గారి పేరే. అట్ట మార్చమంటే ప్యాకేజీ ఆయనది అంటున్నారు మునిరత్నం గారు. పాత ప్రతులు ఎక్కడెక్కడి బీరువాల్లోనో అలాగే ఉన్నాయి, వాటిని వెనక్కి తెచ్చే దారి ఎవరికీ తెలియదు. మాట ఇచ్చాను గనక ఇందులో ఆ ఇద్దరి పేర్లూ మార్చాను. చెంగమ్మ పేరు మార్చలేదు. మార్చనా అని అడిగితే, "నేనేం తప్పు జేసినానని?" అంది. నేను ఆ ప్రచురణకర్త పని మానేశాను. అంతకంటే పెద్ద శిక్ష ఎవరికీ పడలేదు. నాకు కోపం ఎందుకు పోలేదో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

ఆ రోజు నాలుగింటికి పడవలు వచ్చాయి. వలలు ఆరేసే పాక కింద పాతికమంది దాకా చేరారు. చాలామంది ఆడవాళ్ళు, తడి లుంగీలతో కొందరు మగవాళ్ళు. లత లేచి ఆ పేజీ మళ్ళీ చదివింది. ఈసారి ఆగి ఆగి చదివింది. తర్వాత నన్ను చూసింది.

నేను వేదికల మీద మాట్లాడిన మనిషిని కాదు. పక్కన ఎర్ర అక్షరాలు రాయడమే నాకు తెలిసిన మాట్లాడటం. నిలబడి చెప్పాను. శీనయ్య తాగలేదు. తాగాడని రాయమన్నది నేను. నాకు ఆయన ఎవరో తెలియదు, ఈ నీళ్ళు తెలియవు. తప్పు రాశాం.

ఒకాయన అడిగాడు, "తెలీకపోతే ఎందుకు రాయమన్నావు మా?"

"కథ బాగుంటుందని."

వెనక నుంచి ఒక నడివయసు ఆవిడ అంది, "మా ఆయన తాగే పోయినాడు. ఆయన గురించి ఎవురూ రాయలే." ఒకరిద్దరు నవ్వారు, ఆమె నవ్వలేదు. చెంగమ్మ కొడుకు వల పట్టుకుని నిలబడి నేల చూస్తున్నాడు. తర్వాత తల ఊపాడు, నాకు కాదు, తనలో తనకే.

అయిపోయిందనుకుని కూర్చోబోయాను. అప్పుడే ఒడ్డు నుంచి ఒక పెద్దాయన బుట్టతో వచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. అందరూ ఎందుకు చేరారో అర్థం కాక ఒక్కొక్కరి మొహమూ చూస్తున్నాడు.

చెంగమ్మ లేచి నా మోచెయ్యి పట్టుకుంది. "మా బావ. మా ఆయన్ని నీళ్ళల్లోంచి ఎత్తుకొచ్చింది ఈయనే. చెవులు ఇనపడవు. ఇంగోసారి చెప్పు మా, గట్టిగా."

ఆయన బుట్ట కింద పెట్టి చెవి నా వైపు తిప్పాడు. నేను ఆయన దగ్గరికి వెళ్ళి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను, గట్టిగా.